కల్లం దగ్గర ఆగిన ఆదివారం బస్సు

దేవునికి స్తోత్రం. ఎండలో నన్ను నడిపించి, ఒక్క ప్రయాణికుణ్ణి కూడా దారిలో పోగొట్టుకోకుండా ప్రతి సాయంత్రం గుంటూరు చేర్చిన ప్రభువుకు స్తోత్రం. ఈ నోటికి మాట ఇచ్చి, ఆ మాటతోనే నా ఇంటికి అన్నం పెట్టినవాడికి మహిమ. ఆయన పేరు తలుచుకోకుండా నేను ఏనాడూ బస్సు మెట్టు ఎక్కలేదు. ఈ రాత కూడా ఆయన పేరుతోనే మొదలుపెడుతున్నాను.

నా పేరు దావీదు. ఉండేది నల్లపాడులో. గుంటూరు నుంచి పల్లెలకు వెళ్ళే టూరిస్టు బస్సులో గైడుగా పనిచేసి ఈ మధ్యే మానేశాను. ఒకరికొకరు తెలియనివాళ్ళు తలా ఒక టికెట్టు కొనుక్కుని కలిసి ఎక్కే బస్సు అది. విజయవాడ, హైదరాబాదు వాళ్ళు కూడా ముందురోజే గుంటూరు వచ్చి ఎక్కేవారు. పొద్దున్నే బయల్దేరి పత్తి చేలు, మిరప కల్లాలు చూపించి, ఒక రైతు ఇంటి దగ్గర భోజనం పెట్టించి, సాయంత్రం కోటప్పకొండ ఎక్కించి వెనక్కి తీసుకురావడం మా పని.

ఇప్పుడు టూరిజం చదువుకున్న పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి, అంకుల్, ఏం చదవాలి, ఏం కంఠస్థం చేయాలి అని అడిగారు. చరిత్ర ఫోన్లో దొరుకుతుంది. ఫోన్లో దొరకనిది ఇక్కడ రాస్తున్నాను.

బస్సులో

గైడు పని మైకు పట్టుకోవడంతో మొదలవుతుందని అనుకుంటారు. అది సీటు గొడవతో మొదలవుతుంది. ముందు సీటు, కిటికీ సీటు, చక్రం మీద పడని సీటు. విడి కారులో వచ్చినవాళ్ళు సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంటారు. కలిసి ఎక్కే బస్సులో మాత్రం ప్రతివాళ్ళూ పక్కవాడు తన వాటా ఎక్కడ తినేస్తాడోనని చూస్తూ కూర్చుంటారు. మొదట్లో నేను తీర్పులు చెప్పేవాణ్ణి. తీర్పు చెప్పిన ప్రతిసారీ ఒకరు సాయంత్రం దాకా ముఖం మాడ్చుకునేవారు. తర్వాత మానేశాను. గొడవ పడేవాళ్ళిద్దరికీ చెరో పని చెప్పేవాణ్ణి. ఒకరు మంచినీళ్ళ సీసాలు పంచాలి, ఇంకొకరు దిగినచోటల్లా అందరూ ఎక్కారో లేదో చూడాలి. మనిషికి పని అప్పగిస్తే సీటు సంగతి సగం మరిచిపోతాడు. ఇది నేను మా సంఘంలో నేర్చుకున్నాను. అక్కడా ముందు వరస కోసం అలిగే పెద్దలకు కానుకల సంచి అప్పగించేవారు.

రెండో సంగతి నమ్మకం గురించి. నేను క్రీస్తును నమ్మినవాణ్ణి, దాచుకోను. అయినా ప్రతి వారం కోటప్పకొండ శివుడి కథ చెప్పాను. ఎదురుగా చెంపలు వేసుకుంటున్న ముసలమ్మ ఉంటే ఆమె నమ్మకానికి దెబ్బ తగలకుండా చెప్పాను. అమరావతి స్తూపం దగ్గరా అంతే. ఎదుటివాడి దేవుణ్ణి వెటకారం చేసి నీ దేవుణ్ణి పెద్దవాణ్ణి చేయలేవు. ఇది రానివాడు ఈ పనికి పనికిరాడు, ఎంత ఇంగ్లీషు వచ్చినా సరే.

మా బస్సుకు గిరాకీ ఆదివారమే. అందువల్ల నాకు ఆదివారం ఆరాధన ఉండేది కాదు. శనివారం సాయంత్రపు ప్రార్థనకు వెళ్ళేవాణ్ణి. మా సంఘ పెద్ద ఒకాయన అందరిలోనూ, ఏమయ్యా దావీదూ, నీ దేవుడు డీజిలు బస్సులో తిరుగుతున్నాడా అన్నాడు. చాలా రోజులు ఆ మాట నాలో గుచ్చుకునే ఉంది. దానికి జవాబు నేను వెతుక్కోలేదు. అదే ఒక ఆదివారం మిరప కల్లం దగ్గర నాకు ఎదురొచ్చింది.

మస్తాన్‌బీ ఇల్లు

చిలకలూరిపేట దాటి ప్రకాశం వైపు వెళ్తుంటే ఒక ఊళ్ళో మస్తాన్‌బీ ఉండేది. కౌలు రైతు. పొలం పక్కనే రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు కల్లం. కోసిన పండు మిరపకాయలు గలగలమనేదాకా ఎండబెట్టే చదును నేల అది. మా ప్రయాణికులకు మధ్యాహ్నం భోజనం ఆమె ఇంటి దగ్గరే. గోంగూర, పప్పుచారు, కోడికూర, గడ్డ పెరుగు. విస్తరాకు వేసి నేలమీద బంతి కూర్చోబెట్టేది. నన్ను అన్నా అని పిలిచేది. నేను చెల్లెమ్మా అనేవాణ్ణి.

ఆమె భర్త మీరావలి ఊళ్ళో లేడు. అంతకు ముందు ఏడు తోటకు నల్ల తామర పురుగు పడింది. పూత రాలిపోయి కాయే నిలవలేదు. ఆయన పిడుగురాళ్ళ వెళ్ళి సున్నపు బట్టీలో పనికి కుదిరాడు. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. మందు తాగినా తగ్గలేదు. ఈ ఏడు కాయ చేతికి వస్తే ఆయన్ని ఇంటికి పిలిపించుకుంటాననీ, రాకపోతే కౌలు వదిలేసి తనూ బట్టీకే పోతాననీ ఆమె వడ్డిస్తూ వడ్డిస్తూ నాతో చెప్పింది. ఏడుస్తూ కాదు, ఉప్పు చాలిందా అన్నంత మామూలుగా చెప్పింది.

కాయ బాగా వచ్చింది. నేను చెప్పే ఆదివారానికి కల్లం నిండా ఎర్రగా పరిచి ఉంది. ఇంకో రెండు మూడు ఎండలు కాస్తే బస్తాలకెత్తొచ్చంది.

ఇక్కడ మా యజమాని సంగతి చెప్పాలి. చెడ్డవాడు కాదు. అయితే ప్రయాణికులు ఫోనులో ఇచ్చే రేటింగు చుక్కలను బట్టి లోకాన్ని చూసేవాడు. అంతకు ముందు వారం ఎవరో, భోజనం దగ్గర నీడ లేదు అని రెండు చుక్కలే ఇచ్చారట. వచ్చే వారానికి పందిరి లేకపోతే భోజనం వేరే ఊరికి మారుస్తానని చెప్పమన్నాడు. చెప్పాను. ఆ ఆదివారం వెళ్ళేసరికి పందిరి వేసి ఉంది. నాలుగు గుంజలు, పైన నీలం టార్పాలిన్ పట్టలు, కింద కూర్చోవడానికి ఇంకో రెండు. పట్టలు ఎక్కడివి అని నేను అడగలేదు. నీడ ఉంది కదా అని సంతోషించాను.

ఆ మధ్యాహ్నం

ఆ రోజు పొద్దున ముందు సీటు కోసం ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. విజయవాడ నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరు సుజాత గారు ఒకరు, గుంటూరులో బంగారం కొట్టు ఉన్న శేషగిరి గారు ఇంకొకరు. నా పద్ధతిలోనే ఆమెకు నీళ్ళ సీసాలు, ఆయనకు మనుషులను చూసుకోవడం అప్పగించాను. ఇద్దరూ అయిష్టంగానే ఒప్పుకున్నారు.

భోజనం పెరుగు దాకా వచ్చాక శేషగిరి గారు నన్ను పిలిచారు. ఆయన విస్తరాకులో పెరుగన్నం మీద రెండు మూడు మిరప గింజలు పడి ఉన్నాయి.

"ఏవండీ గైడు గారూ, పందిట్లోంచి మిరప గింజలు రాలుతున్నాయి. ఇదీ టూరులో భాగమేనా?"

తల ఎత్తి చూశాను. పట్ట మడతల్లో ఎర్రటి పొడి. గాలికి గింజలు రాలుతున్నాయి. అసలు గాలి ఎప్పుడు మొదలైందో కూడా నేను గమనించలేదు. అంతలో మా డ్రైవరు కోటయ్య బస్సు దగ్గర నుంచి వచ్చి నా చెవిలో, పడమటి వైపు చూడమన్నాడు. నల్లగా మూసుకొచ్చేస్తోంది. పొద్దున ఫోను చూసి ఆకాశం నిర్మలం అని మైకులో చెప్పినవాణ్ణి నేనే.

అప్పుడు మస్తాన్‌బీని చూశాను. పెరుగు గిన్నె పట్టుకుని బంతిలో వడ్డిస్తోంది. ప్రతి విస్తరి దగ్గరా వంగుతోంది, లేచినప్పుడల్లా ఒక్కసారి పడమటికి చూస్తోంది, మళ్ళీ వంగుతోంది.

ఆమె పక్కకు వెళ్ళి మెల్లగా అడిగాను.

"చెల్లెమ్మా, ఇవి కల్లం మీద కప్పే పట్టలేనా?"

"ముందు వాళ్ళని తిననీ అన్నా."

"వాన వస్తోంది."

"కనబడుతోంది. అన్నం ముందు నుంచి మనిషిని ఎట్టా లేపమంటావు?"

మన వైపు పల్లెల్లో బంతి మధ్యలో అతిథిని లేపరు. శత్రువైనా సరే, చేయి కడుక్కునేదాకా ఆగుతారు. ఆమె కల్లాన్ని వదులుకోవడానికి సిద్ధపడింది కానీ ఆ మర్యాదను వదులుకోలేదు. కూలీలు కూడా లేరు. ఆ ఊళ్ళో మిరప పనికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మా విశ్వాసులే. ఆదివారం, అందరూ చర్చిలో ఉన్నారు. ఇంటి దగ్గర ఉన్నది ఆమె, ఆమె అత్త, ఇద్దరే.

ఆమె లేపలేదు. నేను లేపాలి. లోపల ఒక్క క్షణం ప్రార్థించుకుని బంతి మధ్యకు వెళ్ళి నిలబడ్డాను.

"అయ్యా, అమ్మా, తప్పుగా అనుకోకండి. మనం కూర్చున్న పట్టలూ, మన నెత్తిమీద పట్టలూ ఈమె పంట మీద ఉండాల్సినవి. మన నీడ కోసం తీసి ఇచ్చింది. వాన వస్తోంది. ఈ కాయ తడిస్తే ఈమెకు ఈ ఏడు లేదు. తనంతట తాను మిమ్మల్ని లేపదు. నేను లేపుతున్నాను."

శేషగిరి గారు ముద్ద చేతిలో పట్టుకుని నన్నే చూస్తున్నారు. ముందు లేచింది సుజాత గారు. విస్తరాకు మడిచి పక్కన పెట్టి, చీర కొంగు నడుముకు దోపుకుని, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే పందిరి తాడు ముడి విప్పడానికి వెళ్ళారు. ముడి రాలేదు. "బంగారం షాపు ఆయనా, ఎత్తుగా ఉన్నారుగా, రండిటు" అని కేకేశారు. శేషగిరి గారు ముద్ద నోట్లో పెట్టుకుని లేచారు. ఇక ఎవరూ కూర్చోలేదు.

పట్టలు చాలలేదు

చెప్పులు విడిచి కల్లంలోకి దిగండి అని మస్తాన్‌బీ అత్త అరిచింది. అందరూ విడిచారు. ఎండిన కాయ తొక్కితే చితికి గింజ బయటపడుతుంది. అడుగు ఎత్తి వేయకుండా కాళ్ళతో పక్కకు జరుపుకుంటూ మధ్యకు తోయాలి. సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు, పెళ్ళయి నెల తిరగని జంట, చెన్నై నుంచి వచ్చిన పెద్దావిడ, అందరూ చీపుళ్ళతో, తట్టలతో, చేతులతో కాయను మధ్యకు నెట్టారు. దగ్గులు, తుమ్ములు. ఆ ఘాటుకు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. గుట్ట లేచింది.

పందిరి పట్టలు కప్పారు. కింద పరిచినవి కప్పారు. సగం గుట్టే మూసుకుంది. మిగతా పట్టలు ఉతికి ఆరేస్తే గాలికి చిరిగిపోయాయని మస్తాన్‌బీ అప్పుడు చెప్పింది.

కూలీల దగ్గర పట్టలు ఉంటాయేమోనని నేను కోటయ్యను బస్సు తీయమన్నాను. చర్చి ఊరి చివర ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాను. లోపల ప్రసంగం నడుస్తోంది. మా సంఘాల్లో ప్రసంగం మధ్యలో ఎవరూ అడ్డు రారు. పిల్లవాడు ఏడ్చినా తల్లి బయటికి తీసుకుపోతుంది. విశ్వాసులందరూ తెల్లబట్టల్లో నేలమీద కూర్చున్నారు. వాళ్ళ కింద గోడ నుంచి గోడ దాకా పరిచినవి టార్పాలిన్ పట్టలే. దేవుడు ఎక్కడ ఏం దాచి ఉంచుతాడో!

పాస్టరు గారు చిన్నవాడు, నాకంటే చాలా చిన్నవాడు. నన్ను చూసి ఆగారు.

"అయ్యగారూ, మస్తాన్‌బీ కల్లం బయట ఉంది. పట్టలు చాలలేదు."

ఆయన కిటికీలోంచి మబ్బు వైపు చూశారు. చేతిలోని గ్రంథం మూశారు.

"లేవండమ్మా. కింద పట్టలు మడవండి."

ఒక ముసలమ్మ లేస్తూ, "ఆశీర్వాదం ఇవ్వకుండానే పంపేస్తారా అయ్యగారూ?" అంది.

"కల్లం దగ్గర ఇస్తాను. పద."

ఏసీ బస్సు నిండిపోయింది. తెల్లచీరలు, తెల్లచొక్కాలు, ఒళ్ళో పట్టలు, భుజాన దారిలో ఇళ్ళ నుంచి అందుకున్న పారలు. కొందరు ఆ బస్సు ఊళ్ళోంచి పోతుంటే చూడటమే గానీ ఎన్నడూ ఎక్కలేదు. కోటయ్య ఆ ఇరుకు దారిలో హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు. రోజూ కోటప్పకు దండం పెట్టుకుని స్టీరింగు పట్టే మనిషి, ఆ పది నిమిషాలూ మావాళ్ళ పాటకు తనూ చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

వాళ్ళు దిగడంతో పని తీరే మారిపోయింది. మగవాళ్ళు గుట్ట చుట్టూ పారలతో కాలువ తీశారు, నీళ్ళు కిందనుంచి రాకుండా. ఆడవాళ్ళు పట్ట మీద పట్ట వేసి అంచులు కలిపి మడిచారు. తొలి చినుకు చివరి పట్ట మీద పడింది. వెంటనే గాలి లేచింది. పట్ట అంచులు తపతపా కొట్టుకుంటున్నాయి. పెట్టిన రాళ్ళు ఆగడం లేదు.

"కూర్చోండి" అని మస్తాన్‌బీ అరిచింది. "అంచుల మీద కూర్చోండి."

కూర్చున్నాం. గుట్ట చుట్టూ వలయంగా, భుజానికి భుజం తగులుతూ, బస్సువాళ్ళూ చర్చివాళ్ళూ కలిసిపోయి కూర్చున్నాం. వాన కుండపోతగా కురిసింది. చేతుల మీద నీళ్ళు పడగానే అంతకు ముందు తెలియని మంట మొదలైంది. పనికి ముందు చేతులకు నూనె రాసుకోవాలని మా బస్సువాళ్ళకు ఎవరూ చెప్పలేదు, చెప్పే తీరికా లేదు. సుజాత గారు కళ్ళు తుడుచుకోబోతే పక్కనున్న కూలీ ఆవిడ ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, చేతులు రెండూ తన కొంగులో చుట్టింది. వాన వెలిసేదాకా ఆ కొంగులోంచి తీయనివ్వలేదు. తర్వాత మజ్జిగ పోసి కడిగింది.

మధ్యలో మా యజమాని ఫోను. కొండ ఎక్కించావా అన్నాడు. లేదండి, కల్లం ఎత్తించాను అన్నాను. ఎవరితో అన్నాడు. మన ప్రయాణికులతో అన్నాను. ఆయన, అందరూ డబ్బులు వెనక్కి అడుగుతారు, నా నెత్తిన కూర్చుంటారు అని మొదలుపెట్టాడు. శేషగిరి గారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "నేను పొద్దున సీటు కోసం గొడవపడ్డవాణ్ణి. ఇప్పుడు వానలో బురద మీద కూర్చున్నా. ఎవరైనా పైసా అడిగితే నా కొట్టుకు పంపండి" అని పెట్టేశారు. వలయం మొత్తం గొల్లున నవ్వింది.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. యజమాని ఆ వారమే తన డబ్బుతో మస్తాన్‌బీకి కొత్త పట్టలు పంపాడు. దేవుడు ఆయన మనసునూ కదిలించాడు. కానీ ఆ వెంటనే, కల్లం ఎత్తే అనుభవం అని బోర్డు వేసి టికెట్టు ధర పెంచుదామన్నాడు. వద్దన్నాను. ఆపదను అమ్మకానికి పెట్టకూడదు. పిల్లలూ, మీకూ ఇలాంటి బోర్డులు రాయమని చెప్పేవాళ్ళు వస్తారు. రాయకండి. ఇంకో మాట. మీ అతిథులకు ఆతిథ్యం ఇచ్చేవాళ్ళను మీరు ఏదైనా అడిగితే, అది వాళ్ళు ఎక్కడి నుంచి తీసి ఇస్తున్నారో వెళ్ళి చూడండి. వాళ్ళు చెప్పరు. చూడటం మీ పని.

వాన వెలిశాక

వాన వచ్చినంత వేగంగానే పోయింది. ఎండ పొడ వచ్చింది. చర్చివాళ్ళ తెల్లబట్టలన్నీ ఎర్రమరకలతో, బురదతో నిండిపోయి ఉన్నాయి. ఎవరూ లేవలేదు. మస్తాన్‌బీ ఒక్కతే లేచి, ఒక అంచు విప్పి, గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. మేమంతా ఆ చేతినే చూస్తున్నాం. అడుగు నుంచి ఒక పిడికెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. గలగలమంది. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి చూసింది. అన్నీ పొడిగానే ఉన్నాయి. కాయ ఇంకా పొద్దుటి ఎండ వేడితో వెచ్చగానే ఉందని నా చేతిలో పెట్టింది.

పాస్టరు గారు లేచి చేతులు ఎత్తారు. ఆరాధనలో ఇవ్వకుండా ఆపిన ఆశీర్వాదం అక్కడ ఇచ్చారు. మస్తాన్‌బీ కొంగు తలమీద కప్పుకుంది. ఆమె అత్త అరచేతులు చాచి పట్టుకుంది. కోటయ్య కళ్ళు మూసుకున్నాడు. శేషగిరి గారు దండం పెట్టారు. నేను ఎన్నో ఏళ్ళుగా ఆదివారం ఆరాధన పోగొట్టుకున్నానని బాధపడినవాణ్ణి. ఆ రోజు నేను ఉన్న సంఘం లాంటిది మా సంఘ పెద్ద తన జన్మలో చూసి ఉండడు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. అది దేవుని గొప్పతనం, నేను తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి మాత్రమే.

మేము బస్సెక్కుతుంటే ఆమె మమ్మల్ని ఆపింది. పెరుగు మిగిలిపోయిందనీ, సగంలో లేచినవాళ్ళెవరూ తినకుండా పోకూడదనీ పట్టుబట్టింది. పట్టలు గుట్ట మీద ఉన్నాయి కాబట్టి అందరం తడి నేలమీదే, చర్చివాళ్ళతో సహా, మళ్ళీ బంతి కూర్చున్నాం. ఆ పూట కోటప్పకొండ ఎవరికీ గుర్తు రాలేదు.

ఆమె వడ్డన మధ్యలో గుమ్మం మీద కూర్చుని ఫోను చేసింది. అవతల దగ్గు నాకు వినబడేంత దగ్గరగా ఉన్నాను. ఏమైందని అడిగాడు కాబోలు. ఆమె వాన సంగతి చెప్పలేదు, మా సంగతి చెప్పలేదు.

"కాయ బాగుంది. ఇక ఆ బట్టీ పని చాలు, రేపటి బస్సుకు వచ్చేయండి" అంది.

ఆయన వచ్చాడు. చదివిన మీరు నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. ప్రభువా, ఈ పూట కల్లాల మీద ఎర్రగా ఆరుతున్న ప్రతి కాయనూ పొడిగా ఉంచు. ఇంటికి దూరంగా దుమ్ములో దగ్గుతున్న ప్రతి మనిషినీ ఇంటికి చేర్చు. కొత్తగా బస్సెక్కుతున్న ఈ పిల్లలకు చూసే కన్ను ఇవ్వు, లేపాల్సినప్పుడు లేపే ధైర్యం ఇవ్వు. ఆమేన్.